స్కేటింగ్ రాదని గోల్లో నిలబెట్టారు

మా ఊళ్లో నన్ను ఇప్పటికీ "ఐసు హాకీ" అని పిలిచేవాళ్లు ముగ్గురు నలుగురున్నారు. వాళ్లలో ఒక్కరూ ఆ ఆట చూసింది లేదు. ఆ మాటకొస్తే ముప్ఫై మూడేళ్లు వచ్చేదాకా నేనూ చూళ్లేదు. ఈమధ్య మా పక్క ఊరి కుర్రాడొకడికి లేహ్ పోస్టింగ్ వచ్చింది. "అన్నా, నువ్వక్కడ గోల్‌కీపర్‌గా ఆడేవాడివట కదా, ఎలా నేర్చుకున్నావు, నేనూ ఆడొచ్చా" అని ఫోన్ చేశాడు. ఓ పావుగంట ఏదో చెప్పాను గానీ ఫోన్ పెట్టేశాక చూస్తే సగం చెప్పనేలేదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నేను ప్రొఫెషనల్‌ని కాదు. మా యూనిట్ టీములో రెండు సీజన్లూ, మూడో సీజన్లో కొన్ని రోజులూ గోల్లో నిలబడ్డాను, అంతే. కానీ ఆ పని చేసి డబ్బు సంపాదించుకునేవాళ్ల బతుకు ఎలా ఉంటుందో అక్కడ నిలబడ్డాకే కొంచెం తెలిసొచ్చింది.

ఐస్ హాకీలో గోల్‌కీపర్‌ని గోలీ అంటారు. మొదటిసారి మా టీముకి ఆట నేర్పే ఉస్తాద్ నావైపు వేలు చూపించి "గోలీ" అన్నప్పుడు తుపాకీ గుండు గురించేమో అనుకున్నాను, హిందీలో గోలీ అంటే అదే కదా. ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, నేను గోలీని అయ్యాను" అంటే మా అమ్మ "ఈ వయసులో గోళీలాటేటిరా, పిల్లలు నవ్వుతారు" అంది.

మాది ఉద్దానం, పలాస నుంచి సోంపేట వెళ్లే వైపు. జీడి, కొబ్బరి, పనస తోటలు, అవి దాటితే సముద్రం. మా వైపు నుంచి మిలిటరీకి వెళ్లడం కొత్తేం కాదు, వీధికి ఇద్దరు ముగ్గురుంటారు. నేను 2003లో వెళ్లాను. రాజస్థాన్ ఎండలూ అస్సాం వానలూ అయ్యాక 2017 వేసవిలో లేహ్‌లో దించారు. సముద్రం పక్క పుట్టినవాణ్ని 3,500 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి పెడితే ఎలా ఉంటుంది, మెట్లెక్కితే గుండె చెవిలో కొట్టుకుంటుంది. అక్కడికి వెళ్లిన ఎవరికైనా మొదటి ఆరు రోజులు ఒంటికి గాలి అలవాటు చేసుకోవడమే డ్యూటీ, అందులో మొదటి రెండు రోజులు పడుకోవడమే. ఇదేదో బావుందే అనుకున్నాను.

డిసెంబర్ వచ్చాక అసలు సంగతి తెలిసింది. బుఖారీ పక్కనుంచి లేవబుద్ధి కాదు. బుఖారీ అంటే బ్యారక్‌లో వెలిగించే కిరసనాయిలు పొయ్యి. రాత్రిళ్లు మైనస్ ఇరవై దాకా పోతుంది. అలాంటి రాత్రుల్లో మావాళ్లు కొందరు పైపులు పట్టుకుని మైదానంలో నీళ్లు పెడుతున్నారు! మన పొలంలో మడికి నీరు పెట్టినట్టే, చుట్టూ చిన్న గట్టు కట్టి, పల్చగా ఓ పొర పోసి, అది గడ్డకట్టాక దాని మీద ఇంకో పొర. తొందరపడి ఒకేసారి లోతుగా పోస్తే పైన గట్టిపడి లోపల డొల్లగా ఉండిపోతుంది, స్కేట్ దిగబడుతుంది. వారం రోజులు ఇలా చేస్తే రింక్ తయారు. లేహ్ ఊళ్లో కర్జూ చెరువైతే ఈ కష్టం లేకుండా అదే గడ్డకడుతుంది, చలికాలం వస్తే పిల్లలూ పెద్దలూ అందరూ దాని మీదే. ఫిబ్రవరి సగానికల్లా ఎండకి మెత్తబడిపోతుంది, అంటే సీజన్ మొత్తం కలిపి రెండు నెలలు. ఆ రెండు నెలల్లో కూడా ఆట పొద్దున్నే అయిపోవాలి, మధ్యాహ్నానికి మంచు మీద నీరు తేలుతుంది.

మా యూనిట్ టీమ్ గోలీకి అదే ఏడాది వేరే చోటికి పోస్టింగ్ వచ్చింది. ఉస్తాద్ లదాఖీ మనిషి, హవల్దారు, పొట్టిగా ఉంటాడు, మంచు మీద మాత్రం కొంగలా జారుతూ తిరుగుతాడు. మమ్మల్ని ఓ పదిహేను మందిని స్కేట్లు కట్టి నిలబెట్టాడు. నేను నాలుగడుగుల్లో ఆరుసార్లు పడ్డాను. చివరికి గోల్ కంబం పట్టుకుని లేచి అక్కడే ఉండిపోయాను, వదిలితే పడతానని. ఆయన చూసి, "మద్రాసీ, నువ్వక్కడే ఉండు" అన్నాడు. నా సెలెక్షన్ అంతే. ఇంతకీ ఇది తలకిందుల లెక్క అని తర్వాత తెలిసింది. టీములో అందరికన్నా బాగా స్కేటింగ్ రావాల్సింది గోలీకే. ముందుకీ వెనక్కీ పక్కకీ, అదీ అరక్షణంలో కదిలి అరక్షణంలో ఆగాలి, పడి లేవాలి, అన్నీ ఆ నాలుగు గజాల జాగాలోనే. ఆయనకి ఆ సంగతి తెలుసు, కానీ నన్ను నడిమధ్య ఆడిస్తే నేను మనుషుల్ని గుద్దేస్తానని భయం.

సామాను గురించి చెప్పాలి, ఎందుకంటే సగం ఆట అదే. గోలీ స్కేట్ వేరు, మిగతావాళ్లదానికన్నా బ్లేడు పొడుగ్గా, చదునుగా, నేలకి దగ్గరగా ఉంటుంది, బూటు చుట్టూ గట్టి తొడుగుంటుంది. కాళ్లకి తొడ దాకా వచ్చే ప్యాడ్లు. ఎడం చేతికి వల ఉన్న గ్లౌవ్, కుడిచేతికి పలకలాంటి బ్లాకర్, ఆ చేత్తోనే వెడల్పు కర్ర. ఛాతీకి కవచం, మెడకి పట్టీ, మొహానికి పంజరం. వేసుకోడానికి నాకు మొదట్లో నలభై నిమిషాలు పట్టేది, ఇద్దరు సాయం చెయ్యాలి, పెళ్లికొడుకుని చేస్తున్నట్టు. అంతా కట్టాక ఉచ్చకి వెళ్లాలనిపిస్తుంది, అది ప్రతిసారీ. మాకున్న ప్యాడ్లు ఎవరో పొడుగాటివాడు వాడి వదిలేసినవి, నాకు రెండు సైజులు పెద్ద, ఒక పట్టీ తెగిపోయి ఉంది. అయినా ఫిర్యాదు చెయ్యలేదు. పాత రోజుల్లో క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని, ఆర్మీ బూట్లకి రేకు బిగించుకుని ఆడేవాళ్లమని ఉస్తాద్ చెప్పేవాడు, ఆ మాట విన్నాక ఇంకేం అడుగుతాం.

ఆపాల్సింది బంతి కాదు, పక్. నల్లటి గట్టి రబ్బరు బిళ్ల, అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, బరువు 160, 170 గ్రాములు. చూడ్డానికి పెద్ద సైజు చేగోడీకి చిల్లు లేనట్టుంటుంది. చలికి అది రాయైపోతుంది. ప్రొఫెషనల్ మ్యాచుల్లో అయితే కావాలనే ముందుగా ఫ్రీజర్‌లో పెడతారు, ఎగిరిపడకుండా సాఫీగా జారడానికి. పెద్ద ఆటగాళ్లు కొడితే గంటకి 160 కిలోమీటర్ల వేగం దాటుతుంది. మావాళ్లది అందులో సగం ఉండేదేమో, ఆ సగమే భుజానికి తగిలితే రెండు రోజులు చెయ్యి లేవదు. గోల్ ఎంతనుకుంటున్నారు, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మన నులక మంచాన్ని పక్కకి నిలబెడితే ఇంచుమించు అంతే. ఇంత కొంచెం జాగా, ఇన్ని ప్యాడ్లు, ఇక పక్ ఎక్కడినుంచి వెళ్తుంది అనుకున్నాను.

మొదటి మ్యాచ్‌లో పదకొండు గోల్స్ వెళ్లాయి. పక్క యూనిట్ వాళ్లతో, స్నేహంగా ఆడిన మ్యాచే. ఏడోదానికి మా టీమువాళ్లు తిట్టడం మానేసి నవ్వడం మొదలుపెట్టారు, అది తిట్టుకన్నా ఎక్కువ మండింది. నేను కబడ్డీ ఆడినవాణ్ని, చేతులు చురుగ్గానే ఉంటాయి. పక్ రావడం చూసి పట్టుకుందామని చెయ్యి చాపేలోపు అది వెనకాల వలలో ఉండేది. ఆ రాత్రి లంగర్‌లో అన్నం తింటుంటే ఉస్తాద్ వచ్చి పక్కన కూర్చుని, "నువ్వు పక్ పట్టుకోడానికి చూస్తున్నావు, అది నీ పని కాదు" అన్నాడు. మరి గోలీ పని ఏంటండీ అంటే రేపు చూపిస్తా అన్నాడు.

మర్నాడు రెండు తాళ్లు తెచ్చాడు. గోల్ రెండు కంబాలకీ చెరో తాడు కట్టి, ఆ రెండు కొసలూ కలిపి ఇరవై అడుగుల దూరంలో పక్ ఉన్నచోట పట్టుకున్నాడు. పక్ దగ్గర మొదలై గోల్ దాకా వెడల్పయ్యే మూడుమూలల జాగా ఒకటి మంచు మీద కనపడింది. "పక్ వెళ్తే ఈ తాళ్ల మధ్యే వెళ్లాలి, బయటనుంచి వెళ్తే గోల్ కాదు. ఇప్పుడు గోల్ గీత మీద నిలబడు." నిలబడ్డాను. నాకు అటూ ఇటూ తాళ్లకి మధ్య చెరో రెండడుగులు ఖాళీ. "ముందుకి రా." రెండడుగులు జరిగాను, ఖాళీ తగ్గింది. ఇంకో రెండడుగులు. ఇంకా, ఇంకా. చేతులు చాపకుండానే నా ఒళ్లు రెండు తాళ్లకీ ఆనుతోంది. అంతే, ఆయన ఇంకేం చెప్పలేదు. పక్ ఎడమకి జరిపాడు, తాళ్లు పక్కకి తిరిగాయి, నేను ఉన్న చోటే ఉంటే మళ్లీ ఓ పక్క ఖాళీ. కొట్టేవాడు ఎక్కడుంటే దానికి ఎదురుగా, ఆ తాళ్ల మధ్యలోకి, వాడు కొట్టకముందే నేను వెళ్లి నిలబడి ఉండాలి. పక్ తనంతట తనే వచ్చి నాకు తగలాలి. బాగా ముందుకొచ్చేస్తే మాత్రం వాడు పక్కవాడికి పాస్ ఇచ్చేస్తాడు, నా వెనక గోల్ ఊరిచివర గుడిలా ఒంటరిగా ఉంటుంది. ఎంత ముందుకి, ఎప్పుడు వెనక్కి అన్నదే మిగతా ఆట అంతా. మూడేళ్లలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అన్నా తప్పులేదు.

తర్వాత బటర్‌ఫ్లై. మోకాళ్లు రెండూ దగ్గరగా మంచు మీదకి వాల్చి, మోకాళ్ల కింద కాళ్లు చెరో పక్కకి విప్పడం, సీతాకోకచిలుక రెక్కల్లా. కింద జాగా మొత్తం మూసుకుపోతుంది. దీన్ని 1950ల్లో గ్లెన్ హాల్ అనే కెనడా గోలీ మొదలుపెట్టాడు, 1980ల్లో ప్యాట్రిక్ రాయ్ వచ్చాక ప్రపంచమంతా అదే ఆడుతోంది. హాల్ గురించి చదివి నాకు ధైర్యం వచ్చింది. ఆయన 1955 నుంచి 1962 దాకా ఒక్క మ్యాచ్ మానకుండా వరసగా 502 ఆడాడు, మొహానికి మాస్క్ లేకుండా! అంతటివాడు మ్యాచ్ ముందు టెన్షన్‌తో వాంతి చేసుకునేవాడట. నాకు వాంతి రాలేదు గానీ కడుపులో తిప్పేది, సరేలే పెద్దాయనకే అలా ఉంటే అనుకునేవాణ్ని. బటర్‌ఫ్లై వేస్తే మొదటి వారం తొడ కీళ్లు పట్టేశాయి. చిన్నప్పటినుంచి బాసింపట్టు వేసి కూర్చున్న కాళ్లు బయటికి మడతపడతాయి గానీ, లోపలికి తిరగమంటే తిరగవు. ముప్ఫై మూడేళ్లకి మొదలుపెట్టిన ఖర్మ.

ఎవరూ చెప్పనిది ఇంకోటుంది, చలి. మిగతావాళ్లు పరిగెడతారు, ఒక నిమిషం ఆడి బెంచి మీదకి వెళ్లి ఇంకొకరిని పంపిస్తారు, వాళ్లకి చెమటలు. గోలీ మ్యాచ్ మొత్తం అక్కడే. ఒక్కోసారి పది నిమిషాలు పక్ అటువైపే ఉంటుంది, నువ్వు దాని వంక చూస్తూ ఊరికే నిలబడి ఉంటావు, ముందు పట్టిన చెమట వీపు మీద చల్లబడుతుంది, ఊపిరి మాస్క్ కడ్డీల మీద మంచై పేరుకుంటుంది, వెనకాల పెట్టిన సీసాలో నీళ్లు గడ్డకడతాయి. సరిగ్గా మనసు ఇంటి మీదకి మళ్లినప్పుడే ముగ్గురు కలిసి మీదకొస్తారు. గోల్ వెళ్లాక ఇంకా కష్టం. అందరూ మధ్యకి వెళ్లిపోతారు, నువ్వు వలలోంచి పక్ తీసి ఇవ్వాలి. నా మొదటి సీజన్ అంతా పోయిన గోల్ గురించే ఆలోచిస్తూ ఇంకో గోల్ ఇచ్చేవాణ్ని. దీనికి ఉస్తాద్ చెప్పిన మందు చాలా సింపుల్, గోల్ వెళ్లగానే కర్రతో రెండు కంబాలనీ ఒకసారి తట్టు, గీత మీద మంచుపొడి తుడువు, ఓ గుటక నీళ్లు తాగు, ప్రతిసారీ అదే వరసలో. ఎందుకని అడగలేదు, చేశాను, పనిచేసింది.

లేహ్‌లో ఆడపిల్లల్ని చూసి సిగ్గుపడ్డ రోజులున్నాయి. భారత మహిళల జట్టు గోలీ నూర్జహాన్‌ది లేహ్. నేను వెళ్లిన ఏడాదే, 2017లో, బ్యాంకాక్‌లో ఆ జట్టు ఫిలిప్పీన్స్‌ని 4-3తో ఓడించి మొదటి అంతర్జాతీయ మ్యాచ్ గెలిచింది. అక్కడ ఏ దుకాణంలో కూర్చున్నా ఆ మాటే. కర్జూ మీద పదేళ్ల పిల్లలు నన్ను చుట్టుకుని వెళ్లిపోతుంటే నేను కుర్చీ తోసుకుంటూ స్కేటింగ్ నేర్చుకున్నాను. నిజంగా కుర్చీయే, మెస్సులోది.

2018 వేసవిలో లీవుకి ఇంటికొచ్చాను. ఏప్రిల్, మే అంటే మాకు జీడి పిక్కల కాలం, ఇంటిల్లిపాదీ తోటలోనే. స్కేట్లు లేవు, మంచు లేదు. నులక మంచం పక్కకి నిలబెట్టాను, వెనకాల బారువ నుంచి తెచ్చిన పాత చేపల వల కట్టాను (అమ్మిన గంగపుత్రుడు ఏ చేపలకని అడిగాడు, ఏం చెప్పను, రబ్బరు చేప అన్నాను). మా బావమరిది పదిహేను అడుగుల దూరంలో కూర్చుని జీడి పిక్కలు విసిరేవాడు. జీడి పిక్క వంకరగా ఉంటుంది కదా, గాలిలో ఎటు తిరుగుతుందో తెలీదు, కళ్లకి అంతకన్నా మంచి పరీక్ష లేదు. దోసెడు పిక్కలు అయ్యాక టెన్నిస్ బంతి. కొబ్బరి పీచు తాళ్లతో ఉస్తాద్ పాఠం మళ్లీ. "బావా, ఊరంతా చూస్తన్నారు, మంచానికి కాపలా ఏటని అడుగుతన్నారు" అనేవాడు. నాన్న మాత్రం రెండు రోజులు అరుగు మీద నుంచి చూసి, "పిక్కలు చితకనీకండిరా, ధర ఉంది" అన్నాడు, అంతే.

ఆ నెలలోనే మొదటిసారి నిజమైన ప్రొఫెషనల్ గోలీలని చూశాను. లేహ్‌లో అప్పట్లో నెట్ అంతంత మాత్రం, మా ఊళ్లో ఫోన్‌కి ఫోర్‌జీ వచ్చేసింది. అమెరికాలో రాత్రి ఎనిమిదికి మ్యాచ్ మొదలైతే మనకి తెల్లవారి అయిదున్నర. మేకల్ని విప్పే టైముకి నేను ఫోన్ పట్టుకుని అరుగు మీద. మే 31 పొద్దున, వాళ్ల తేదీ 30, వాషింగ్టన్ క్యాపిటల్స్‌కీ వేగాస్ గోల్డెన్ నైట్స్‌కీ అక్కడి పెద్ద లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్. వాషింగ్టన్ 3-2 మీద ఉంది, ఇంకా రెండు నిమిషాలు. వేగాస్‌వాళ్లు అడ్డంగా పాస్ ఇచ్చారు, అలెక్స్ టక్ ముందు గోల్ మొత్తం ఖాళీ. గోలీ బ్రేడన్ హోల్ట్‌బీ అటునుంచి పడుతూ కర్ర చాపాడు, దాని పలక భాగానికి పక్ తగిలి ఆగిపోయింది. నేను అరిచిన అరుపుకి మా అమ్మ పాము అనుకుని కర్ర పట్టుకుని వచ్చింది. ఆ కప్పు వాషింగ్టన్ గెలిచింది, వాళ్లకి అదే మొదటిది. తర్వాత ఆ వీడియో ఉస్తాద్‌కి చూపిస్తే ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను. "బావుంది. కానీ కాళ్లు ముందే చేరితే కర్ర అక్కర్లేదు" అన్నాడు మహానుభావుడు. హోల్ట్‌బీ వింటే ఏమంటాడో.

ఊళ్లో అందరి ప్రశ్నా ఒక్కటే, దానికి జీతమెంత. నాకు వేరే ఏమీ రాదు, జవాను జీతమే, మన దేశంలో అప్పటికి ఈ ఆట ఆడి ఇల్లు గడుపుకునే లీగ్ లేదు. అక్కడివాళ్ల సంగతి చెప్పేవాణ్ని. మాంట్రియల్ గోలీ కేరీ ప్రైస్ 2017లో ఎనిమిదేళ్లకి 8 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం రాశాడు, అప్పటి లెక్కలో ఏడాదికి 65 కోట్ల రూపాయల పైమాటే. ఇది వినగానే మా బావమరిది జీడి పిక్కలు ఇంకా గట్టిగా విసరడం మొదలుపెట్టాడు. కానీ రెండో మాట ఎవరూ వినరు. ఆ పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు 32 టీములు, టీముకి ఇద్దరు గోలీలు, మొత్తం 64 ఉద్యోగాలు. ఆ ఇద్దరిలో కూడా మ్యాచ్‌కి ఆడేది ఒక్కడే, రెండోవాడు టోపీ పెట్టుకుని తలుపు తీస్తూ వేస్తూ బెంచి చివర కూర్చుంటాడు. మిగతావాళ్లు కింది లీగుల్లో బస్సుల్లో తిరుగుతూ పై గోలీకి దెబ్బ తగిలితే కబురొస్తుందని చూస్తుంటారు. టిమ్ థామస్ అని ఒకాయన, 1994లో టీములు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 217వ వాడు, అంటే అడుగున ఉన్నవాడు, ఫిన్లాండ్, స్వీడన్ అన్నీ తిరిగి ముప్ఫై దాటాక గానీ బోస్టన్‌లో నిలదొక్కుకోలేదు. 2011లో కప్పు గెలిచేనాటికి 37. ఈ ఆటలో గోలీలు ఆలస్యంగా పండుతారు, పనసకాయలాగ. నాకా లెక్క నచ్చింది, నా వయసు అలాంటిది మరి.

లేహ్ తిరిగెళ్లాక అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చింది, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున. మా తోటలు ఎలా పడిపోయాయో ఉద్దానం వాళ్లకి చెప్పక్కర్లేదు. లీవు పెట్టి ఢిల్లీ దాకా విమానం, అక్కడినుంచి రైలు, పలాసలో దిగి ఇంటికి నడిచాను, రోడ్డు మీద చెట్లే. పది రోజులు రంపం పట్టుకుని కొమ్మలు కొయ్యడమే. నాన్న నాటిన జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడి ఉన్నాయి. ఆ పది రోజులూ హాకీ గుర్తుకే రాలేదు, దాని గురించి ఇంకేం రాయను.

ఆ చలికాలం మాత్రం బాగా ఆడాను. రంపం పట్టి చేతులు గట్టిపడ్డాయో, ఇంటి బెంగని ఎక్కడో పెట్టాలని ఆడానో. బ్రిగేడ్ టోర్నమెంటులో సెమీస్ దాకా వెళ్లాం. అందులో ఒకడు దగ్గర్నుంచి కొట్టిన పక్ మాస్క్‌కి తగిలి చెవుల్లో గంట మోగింది, కడ్డీ ఒకటి వంగింది. మాస్క్ లేకపోతే? 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ మొహానికి ఇలాగే తగిలి చీలిపోయింది. అప్పట్లో రెండో గోలీని వెంట ఉంచుకునేవాళ్లు కాదు, కుట్లు వేసేదాకా మ్యాచ్ ఆగింది. ఆయన కుట్లు వేయించుకుని, మాస్క్ పెట్టుకోనిస్తేనే వస్తానన్నాడు. కోచ్‌కి ఇష్టం లేదు, పిరికితనంలా ఉంటుందని. వేరే దారి లేక ఒప్పుకున్నాడు, మాంట్రియల్ గెలిచింది. ఆ తర్వాత కూడా పదిహేనేళ్ల దాకా వట్టి మొహంతో ఆడినవాళ్లున్నారు, ఎన్‌హెచ్‌ఎల్‌లో 1974లో గానీ ఆఖరివాడు అయిపోలేదు. మగాళ్ల మొండితనం ఏ దేశంలోనైనా ఒకటే.

సెమీస్ 2-1తో ఓడిపోయాం. రెండో గోల్ నా తప్పే. మొదటి దెబ్బ ఆపాను, కానీ పక్ ప్యాడ్‌కి తగిలి నేరుగా వాళ్లవాడి కర్ర దగ్గరికే వెళ్లింది. ఆపడం ఒకెత్తు, ఆపిన పక్‌ని మూలకి తోసెయ్యడం ఒకెత్తు, ఆ రెండోది నాకు చివరిదాకా సరిగ్గా రాలేదు. ఉస్తాద్ ఏమీ అనలేదు. పెద్ద గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చాడు.

మూడో చలికాలం మొదట్లోనే బటర్‌ఫ్లై నుంచి లేస్తుంటే కుడి మోకాలు లోపల కలుక్కుమంది. స్కాన్‌లో చిప్ప పక్కనుండే మెత్తటి పొర చిరిగిందని తేలింది. అక్కడితో ఆట ఆఖరు. 2020 జనవరిలో సర్వీసు కూడా పూర్తయి ఇంటికొచ్చేశాను.

వచ్చిన నెలకి జరిగింది ఇది. మా మావయ్యకి, అమ్మ తమ్ముడు, కిడ్నీలు పోయి అప్పటికి రెండేళ్లు, వారానికి మూడుసార్లు డయాలసిస్. మా ఉద్దానంలో ఇది ప్రతి వీధిలోనూ ఉన్న కథే, విడిగా చెప్పడానికేం లేదు. ఆయన్ని బండి మీద తీసుకెళ్లి నాలుగు గంటలు పక్కన కూర్చోవడం నా వంతు. ఫిబ్రవరి ఆఖర్లో అలా కూర్చుని ఫోన్ చూస్తుంటే డేవిడ్ ఐర్స్ వార్త కనపడింది. 22వ తేదీన టొరంటోలో మ్యాచ్, కరోలినా టీము గోలీలిద్దరికీ దెబ్బలు తగిలాయి. అలాంటప్పుడు స్టేడియంలో అందుబాటులో ఉండే ఎమర్జెన్సీ గోలీని దింపేవాళ్లు అప్పట్లో, ఆ రోజు అతను ఐర్స్, 42 ఏళ్లు, అసలు పని మంచు చదును చేసే బండి నడపడం. రింక్ బాగుచేసేవాడు గోల్లోకి దిగాడు! మొదటి రెండు షాట్లూ గోల్స్ వెళ్లిపోయాయి. తర్వాత వచ్చిన ఎనిమిదీ ఆపాడు, టీము 6-3తో గెలిచింది. అతనికి ముట్టింది 500 డాలర్లూ ఆ జెర్సీ.

ఇది చదువుతూ కిందకొస్తే, 2004లో అతనికి కిడ్నీ మార్పిడి జరిగిందనీ, ఇచ్చింది వాళ్లమ్మేననీ ఉంది. మావయ్యకి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. చెప్పాను. ఆయన కళ్లు మూసుకునే విన్నాడు, నిద్రపోయాడనుకున్నాను. కాసేపయ్యాక, "ఆడి తల్లి మ్యాచీ సూసిందా?" అన్నాడు.

"తెలీదు మావయ్యా."

"సూసే ఉంటాది" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. తర్వాతి నెలల్లో ఎప్పుడు తీసుకెళ్లినా, పక్క మంచాలవాళ్లకి ఆ బండివాడి కథ చెప్పమని నన్ను అడిగేవాడు, ఎనిమిది షాట్ల దగ్గర తనే లెక్కపెట్టేవాడు. మావయ్య 2022లో పోయాడు.

ఇక ఫోన్ చేసిన కుర్రాడికి. వెళ్లగానే ఆడతానని ఎగరకు, ముందు ఒంటికి గాలి పట్టనీ. స్కేట్లు కాలికి బిగుతుగా ఉండాలి, లావు సాక్సులు రెండేసి వేసుకుంటే బూటు పట్టు తప్పుతుంది, ఒక్కటే పల్చటిది వేసుకో. తొడ కీళ్లు ఇప్పటినుంచే సాగదియ్యి, రోజూ పది నిమిషాలు చాలు. గోల్లో నిలబెడితే రెండు తాళ్లు అడుగు. మా ఉస్తాద్ కూడా రిటైరైపోయాడు గానీ కర్జూ దగ్గర పొద్దున్నే పిల్లలకి నేర్పిస్తూ కనపడతాడని విన్నాను, పొట్టిగా ఉంటాడు, కొంగలా తిరుగుతాడు, గుర్తుపట్టేస్తావు. జూలే అని దణ్ణం పెట్టి మద్రాసీ పంపించాడని చెప్పు.

ప్యాడ్లు అక్కడే వదిలేశాను, అవి యూనిట్‌వి. మాస్క్ నా డబ్బులతో కొనుక్కున్నది, వంగిన కడ్డీతో సహా అటక మీద ఉంది, కావాలంటే రైలెక్కేముందు వచ్చి పట్టుకెళ్లు. తొందరగా రా, మా అప్ప కొడుకు మొన్న దాన్ని పెట్టుకుని బండి మీద పలాస వెళ్తే కానిస్టేబుల్ ఆపి చుట్టూ తిరిగి చూసి, "హెల్మెట్టయితే ఐఎస్ఐ మార్కేదిరా" అని అడిగాడట. వీడు "ఇది కెనడా మోడల్ సార్" అన్నాడు. ఫైన్ నేనే కట్టాను.